నట్టుకు కట్టిన ఎర్ర దారం

రైలు మధ్యాహ్నం మూడింటికైతే నేను ఒంటిగంటకే సికింద్రాబాద్ స్టేషన్‌లో ఉన్నాను. నా తొందర కాదు, ఆ రోజుల రివాజు అది. రైళ్ళన్నీ స్పెషల్ పేరుతో నడుస్తున్నాయి. టికెట్ ఖాయమైనవాళ్ళను తప్ప లోపలికి రానివ్వడం లేదు. గేటు దగ్గర నుదుటికి తుపాకీలాంటిది గురిపెట్టి జ్వరం చూస్తున్నారు. నా ముందున్న పెద్దమనిషికి కొంచెం ఎక్కువ చూపించింది. "ఎండల నడిచొచ్చిన సార్, గంతే" అని ఆయన మొత్తుకుంటున్నా పక్కన నిలబెట్టేశారు. నా వంతు వచ్చేసరికి నాకు చెమటలు పట్టాయి. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, రాని దగ్గును కూడా గొంతులోనే మింగేశాను. పోనిచ్చారు.

భయపడటానికి నాకు కారణం ఉంది. వయసు అరవై ఆరు. ఎడమవైపు ఊపిరితిత్తి సగమే పనిచేస్తుంది. మొదటి అల తగ్గిందని ఊపిరి పీల్చుకునేలోగా రెండోది వస్తుందని టీవీవాళ్ళు రాగం అందుకున్నారు. మా ఆవిడ సుజాత సంచి సర్దుతూ ఒకటే మాట అంది. "ఏడాది నుంచి గుమ్మం దాటని మనిషివి, ఇప్పుడు సూరత్‌లో ఏం కొంప మునిగిందని?" మునిగింది సూరత్‌లో కాదు, ముప్పై అయిదేళ్ళ కింద మద్రాసు దగ్గర. ఆ సంగతి ఆమెకు కూడా చెప్పలేదు.

వయసులో ఉన్నప్పుడు నేను రేసు కార్లు నడిపేవాణ్ణి. పైకప్పు లేకుండా, నాలుగు చక్రాలూ బయటికి కనపడుతూ, ఒక్క మనిషే పట్టే కార్లు. రాణీగంజ్‌లో మా నాన్న గ్యారేజీలో ఇనుప గొట్టాలు అతికించి, పాత కారు ఇంజన్ పెట్టి ఒకటి తయారు చేశాం. చేసింది మల్లేశం. సిరిసిల్ల సాలెవాడు. అక్కడ సాంచెలు, అంటే మరమగ్గాలు, బాగుచేస్తూ చేస్తూ మా గ్యారేజీకి వచ్చాడు. ఏటా చలికాలం చివర షోళవరంలో పాత విమానాల రన్‌వే మీద రేసులయ్యేవి. కారును లారీకెక్కించుకుని పోయేవాళ్ళం. మల్లేశం బామ్మర్ది కనకయ్య వంట చేస్తానని లారీ ఎక్కేవాడు గానీ, రేసు రోజు వంట మా అదృష్టం. గడ్డిమోపుల వెనక నిలబడి ఈలలు వేయడమే అతని పని. రన్‌వే మీద నడిపేవాడు పైలట్ కాక మరెవరని నాకు 'పైలట్ సాబ్' అని పేరు పెట్టింది అతనే.

నా చివరి రేసులో ఎడమ వెనక చక్రం ఊడిపోయింది. కారు బోల్తా కొట్టి నా పక్కటెముక ఊపిరితిత్తిలో దిగింది. ఊడిన చక్రం గడ్డిమోపుల మీదుగా ఎగిరి కనకయ్య మోకాలు నుజ్జు చేసింది. నట్టు మల్లేశం సరిగా బిగించలేదని అందరూ అన్నారు. మల్లేశం ఎవరికీ ఎదురు చెప్పలేదు. కుంటివాడైన బామ్మర్దిని, భార్యను వెంటబెట్టుకుని ఆ ఏడే సూరత్ వెళ్ళి మళ్ళీ సాంచెల మధ్య పడ్డాడు.

ఆ నట్టు బిగించింది మల్లేశం కాదు, నేను. ఆ మాట ఎవరికీ చెప్పలేదు.

లాక్‌డౌన్‌లో పని లేని పాత రేసుల ముసలాళ్ళమంతా వాట్సాప్‌లో ఒక గుంపు పెట్టుకున్నాం. పైలట్లు, మెకానిక్కులు, గడ్డిమోపుల వెనక అభిమానులు, అందరూ ఉన్నారు. తెల్లారితే నలుపు తెలుపు ఫోటోలు, రేసు ఇంజన్లలో కాలిన ఆముదం వాసన గురించి కబుర్లు. రానురాను వాటి మధ్య దండ వేసిన ఫోటోలు రావడం మొదలయింది. నా ప్రమాదం కథ ఎవరో ఒకరు పదిరోజులకోసారి చెప్పి, "పాపం, మల్లేశం చెయ్యి జారింది" అని ముగించేవారు. దాని కింద నేను బొటనవేలి బొమ్మ పెట్టేవాణ్ణి.

ఒకరోజు కనకయ్య గొంతు వచ్చింది. "పైలట్ సాబ్, బావకు కరోనా వచ్చివోయింది గని పానం మల్ల మంచిగ కాలె. చెవులైతె సాంచెల లొల్లికి ఎప్పుడో వోయినయ్. మూతి జూసి మాట తెలుసుకునేటోడు. ఇప్పుడు అందరి మూతులకు మాస్కులాయె. ఇంట్ల ఉన్నా అడివిల ఉన్నట్టే ఉంటున్నడు. జర వచ్చి కనవడిపో."

ఫోన్‌లో చెప్పొచ్చు కదా అంటారు. చెవిటివాడికి ఫోన్‌లో ఏం చెప్తాను? చదువు రానివాడికి ఏం రాసి పంపను? వీడియో తీసి పంపితే ఆ ఫోన్ కూతురి చేతిలో ఉంటుంది. నిజానికివన్నీ సాకులు. ముప్పై అయిదేళ్ళు ఇలాంటివే చెప్పుకుంటూ బతికాను.

రైలు టైముకే కదిలింది. దుప్పట్లు ఇవ్వరు, టీ అమ్మేవాళ్ళు లేరు, ఎదురెదురు కూర్చున్నవాళ్ళు ఒకరినొకరు దొంగల్ని చూసినట్టు చూసుకుంటున్నారు. సుజాత పులిహోర కట్టింది. తినాలంటే మాస్కు తీయాలి. తాండూరు దాటింది, వాడి జంక్షన్ దాటింది, నేను డబ్బా మూత తెరుస్తాను, ఎవరో ఒకరు తుమ్ముతారు, మూసేస్తాను. చివరికి షోలాపూర్ వస్తుందనగా కిటికీ వైపు తిరిగి గబగబా నాలుగు ముద్దలు మింగాను. పులిహోర బాగుందో లేదో సుజాత అడిగితే చెప్పలేను.

ఎదుటి సీట్లో జగిత్యాల దగ్గరి మనిషి, గంగారాం, భార్యతో సూరత్ వెళ్తున్నాడు. సాంచెల పని. లాక్‌డౌన్ పెట్టినప్పుడు సగం దారి నడిచి, సగం లారీల మీద ఊరు చేరారట.

"మల్ల ఎందుకు పోతున్నరు?" అన్నాను.

"ఊర్లె ఏమున్నది సార్? భయమైతున్నది, గని భయం కడుపు నింపుతదా?"

మల్లేశం సంగతి చెప్పాను, పేరు చెప్పకుండా. గంగారాం నవ్వాడు. "కార్ఖానల ముప్పయేండ్లు జేసినోనికి చెవులుంటయా సార్? మాకు చేతులే మాటలు, మూతులే మాటలు. ఇప్పుడు మా మేస్త్రీ తిడుతుండో మెచ్చుకుంటుండో గూడ తెలుస్తలేదు. ఒకందుకు మంచిదే."

తెల్లవారుజామున వసాయ్ దగ్గర మెలకువ వచ్చింది. గంగారాం భార్య దగ్గుతోంది. పొడి దగ్గు, ఆగి ఆగి. నేను మాస్కు మీద ఇంకో మాస్కు వేసుకుని గోడ వైపు తిరిగాను. నా ఊపిరి నాకే వినపడుతోంది. సూరత్ వచ్చేదాకా ఆ దగ్గులు లెక్కపెట్టాను, ఇరవై మూడు.

తొమ్మిదిన్నరకు సూరత్. ప్లాట్‌ఫారం మీదే బల్లలు వేసి ముక్కులో పుల్ల పెట్టి పరీక్ష చేస్తున్నారు. వరుసలో నిలబడ్డ గంటసేపూ ఒకటే ఆలోచన. నాకు సోకితే నా చావు నేను చస్తాను. సోకినట్టు తెలియకుండా మల్లేశం ఇంటికి వెళ్తే? ఒకసారి ఊడిన చక్రం పంపాను ఆ ఇంటి మీదికి, ఇప్పుడు నేనే చక్రంలా వెళ్తున్నానా? నెగటివ్ అని చీటీ ఇచ్చారు. ఇచ్చినామె గాలిలోకి చెప్పినట్టు, "పక్కా కాదు, జాగ్రత్త" అని హిందీలో అంది. ఆ మాట లేకుండా చీటీ ఇచ్చి ఉంటే ఎంత బాగుండేది!

స్టేషన్ ఎదురు లాడ్జిలో గది తీసుకున్నాను. మల్లేశం ఇంట్లో పడుకోకూడదని ముందే అనుకున్నాను. ఆ రోజుల్లో పరీక్ష చీటీ చూపిస్తేగానీ గది ఇచ్చేవారు కాదు. స్నానం చేసి, వేడి టీ తాగి, పదకొండున్నరకు ఆటో ఎక్కాను. సలాబత్‌పురా బజారు మీదుగా తీసుకెళ్ళాడు. చీరల మూటలు మోసే బండ్లు, మూటల మీద కూర్చున్న మనుషులు, సగం మందికి మాస్కు గడ్డం కింద ఉంది. మల్లేశం వాళ్ళుండే ఖటోదరా రాకముందే సాంచెల చప్పుడు మొదలయింది. మొదట చెవికి, తర్వాత ఒంటికి. ఆటో సీటు కూడా అదురుతోంది.

మల్లేశం ఇల్లు ఒక కార్ఖానా వెనక, మూడో అంతస్తు. తలుపు తీసింది కూతురు లావణ్య. ముప్పై దాటి ఉంటాయి. ఇంటి నిండా చీరలు, వాటికి అంచు లేసులు కుట్టే పని తెచ్చుకుని ఇంట్లోనే చేస్తుంది. సూరత్‌లోనే పుట్టి పెరిగిన మనిషి, మూడు భాషలూ ఒకే గిన్నెలో కలిపి వడ్డిస్తుంది.

"కాకా, ఆవో ఆవో. చేతులకు సేనిటైజర్ లగావో. నాన్న మేడ మీద ఉన్నడు, ఖుల్లా హవా ఉంటదని అక్కడ్నే కూసుంటున్నడు. రిపోర్ట్ నెగటివ్ వచ్చింది, డరో మత్. కనక మామ బస్సు దిగిండట, వస్తుండు."

మేడ మీద ప్లాస్టిక్ కుర్చీలో మల్లేశం. నాకన్నా నాలుగేళ్ళు పెద్ద, ఇరవై ఏళ్ళు పెద్దగా కనిపించాడు. మెడ సన్నబడింది. నన్ను చూసి లేవబోయి దగ్గాడు. నేను రెండడుగులు వెనక్కి వేశాను. వేశాక సిగ్గేసింది. అతను చూశాడు, చూడనట్టు కుర్చీ చూపించాడు.

"మంచిగున్నవా తమ్మీ!" అన్నాడు, మేడంతా వినపడేలా. చెవిటివాళ్ళ గొంతు కొలత తెలియని గొంతు.

బాగున్నానని మాస్కులోంచి చెప్పాను. అతని కళ్ళు నా కళ్ళ కింద గుడ్డ దగ్గర ఆగిపోయాయి. అక్కడేమీ దొరకలేదు. సరేనన్నట్టు తల ఊపాడు.

పన్నెండున్నరకు కనకయ్య వచ్చాడు, మెట్ల మీద ఒక కాలు ఈడ్చుకుంటూ. ఆ చప్పుడు నాకు సాంచెల చప్పుడుకన్నా గట్టిగా వినిపించింది. కుంటికాలుతో కార్ఖానాలో పన్నెండు గంటలు నిలబడలేక, బార్డోలీలో చెరకు మిల్లు గేటు దగ్గర కూర్చునే పని చేసుకుంటున్నాడు. అతని భార్య మొదటి అలలో పోయింది. అందుకే అతను మాస్కు మీద తువ్వాల కూడా చుట్టుకుంటాడు, ఇంకొకరి మాస్కు జారితే ఊరుకోడు. మూడు కుర్చీలూ కొలిచినట్టు దూరం దూరం జరిపాకే కూర్చున్నాడు.

ఆ మధ్యాహ్నమంతా పాత రేసులే. జొన్న రొట్టె, పప్పు ఒక్కొక్కరం ఒక్కో మూలకు పోయి తినివచ్చాం, మళ్ళీ అదే మాట.

"రెండో మలుపు కాడ ఒకేపారి ముగ్గురిని దాటినవ్ సూడు పైలట్ సాబ్! నేను గడ్డిమోపుల మీదికెక్కి ఒర్రిన. లుంగి ఊడింది, సోయి లేదు. పక్కన అరవాయన ఎవ్వరో నా లుంగి వట్టుకొని నిలవడ్డడు, ఆయన గూడ రేసు ఇడిసిపెట్టడు గదా!"

నేను నవ్వాను. మా ఇద్దరి భుజాలు కదలడం చూసి మల్లేశం కూడా నవ్వాడు, ఒక క్షణం ఆలస్యంగా. అప్పటికి కనకయ్య నవ్వడం మానేసి ఎవరో చనిపోయిన పైలట్ సంగతి మొదలుపెట్టాడు. మల్లేశం ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. నాకు చూడబుద్ధి కాలేదు.

తర్వాత ఎటు తిరిగినా అక్కడికే రావాలి కదా, వచ్చింది. "చక్రం నా మీదికొస్తుంటె జరుగుడు మర్చిపోయిన పైలట్ సాబ్. గంత సక్కగ తిరుక్కుంట వచ్చింది. ఇగ పోనీ, బావ చెయ్యి ఒక్కనాడు జారింది. నేనెన్నడన్న ఒక్క మాటన్ననా? అడుగుండ్రి." బావ వైపు చెయ్యి చూపించాడు. తన గురించేదో మంచే చెప్తున్నాడనుకుని మల్లేశం నాకు నమస్కారం లాంటిది పెట్టాడు.

చెప్పాల్సిన చోటు అదే. చెప్పలేకపోయాను. కనకయ్యకు చెప్తే చెవులున్నాయి, వింటాడు. మల్లేశానికి చెప్పాలంటే నోరు చూపించాలి. అతనేమో దగ్గుతున్నాడు. నా ఒంట్లో రాత్రి రైలు ఉంది, ఇరవై మూడు దగ్గులున్నాయి. మాస్కు కొసకు చెయ్యి వెళ్ళింది, వచ్చేసింది. తొమ్మిదికే కర్ఫ్యూ అన్న వంకతో చీకటి పడకముందే లాడ్జికి వచ్చేశాను.

గదిలో కూర్చుంటే ఆ రేసు పొద్దు మొత్తం కళ్ళ ముందే ఉంది. మల్లేశానికి ఒక పద్ధతి ఉండేది. తను బిగించిన ప్రతి నట్టుకూ ఒక ఎర్ర దారం చుట్టి, సాలెవాళ్ళు తెగిన పోగును అతికే ముడి వేసేవాడు. దారం ఉంటే మల్లేశం చూసినట్టు, ఇంకెవరూ చెయ్యి పెట్టకూడదు. రేసుకు ముందు అతను అన్నానికి పోయినప్పుడు, ఎడమ వెనక టైరు మెత్తగా ఉందనిపించి నేను చక్రం విప్పి వేరేది వేశాను. కేకేస్తే వచ్చేవాడు. 'నా పని మీద నమ్మకం లేదా తమ్మీ' అంటాడని పిలవలేదు. హడావిడిగా బిగించి, కింద పడ్డ దారాలను మళ్ళీ నేనే కట్టేశాను. అతను వచ్చి, కారు చుట్టూ తిరిగి, దారాలు చూసుకుని, నా హెల్మెట్ మీద రెండుసార్లు తట్టి పంపించాడు.

మర్నాడు తొమ్మిదికల్లా మళ్ళీ ఖటోదరా. రెండింటికి దగ్గర్లో తిరుగు రైలు. ఇప్పుడు కాకపోతే ఇక ఎప్పుడూ కాదని తెలుసు. కనకయ్య రాత్రి బావ ఇంట్లోనే ఉండిపోయాడు. మేడ మీద అదే మూడు కుర్చీలు. లావణ్య గోడ నీడలో చీర పరుచుకుని లేసు కుడుతోంది.

మల్లేశం ముందు నిలబడి, "అన్నా, నీతో ఒక మాట చెప్పాలి" అన్నాను. అతను తల అడ్డంగా ఊపాడు. వేలితో తన మూతి కింద గీసి, మాస్కు దించమని చూపించాడు. నా చెయ్యి చెవి దాకా వెళ్ళి ఆగింది.

"భయమా?" అన్నాడు గట్టిగా. తల ఊపాను. అతను తిట్టలేదు, నవ్వలేదు. చుట్టూ చూసి, మెట్ల దగ్గర మేకుకు వేలాడుతున్న లావణ్య స్కూటీ హెల్మెట్ చూపించాడు. గడ్డం దగ్గర అడ్డం లేనిది, ముందు మొత్తం అద్దం.

పక్కకు వెళ్ళి మాస్కు లాగేసి హెల్మెట్ పెట్టుకున్నాను. లాగిన తొందరలో మాస్కు చెవితాడు పుటుక్కున తెగింది. అద్దం దించుకుని, "అన్నా..." అన్నానో లేదో, నా ఊపిరికి అద్దమంతా మంచు పట్టేసింది. అతనికి నేను కనపడను, నాకు అతను కనపడడు. లోపల నా ఊపిరే నాకు కొట్టింది. కారు తలకిందులైనప్పుడు వినిపించిన ఊపిరే అది. హెల్మెట్ ఊడబీకి పారేయాలనిపించింది.

ఎవరో మెల్లగా నా తల మీంచి దాన్ని తీశారు. మల్లేశం. దగ్గరికి వస్తే నేను భయపడతానని ముఖం పక్కకు తిప్పుకుని తీశాడు. కుళాయి దగ్గరున్న సబ్బు ముక్క తీసుకుని, తడి తగలకుండా అద్దం లోపల రుద్దాడు. లావణ్య దగ్గరి కత్తిరింపుల్లోంచి మెత్తటి గుడ్డ లాగి, గుండ్రంగా, నెమ్మదిగా, మరక లేకుండా తుడిచాడు. షోళవరంలో మంచు పొద్దుల్లో ప్రతి రేసుకు ముందు చేసిన పనే. చేతులు సన్నబడ్డాయి గానీ తిప్పే తీరు మారలేదు. అద్దాన్ని ఎండకెత్తి చూసుకుని, రెండు చేతులతో నా తలకు పెట్టి, పైన రెండుసార్లు తట్టాడు.

నాకు ఏడుపొచ్చింది. ఏడిస్తే పెదవులు వంకరపోతాయి, అతనికి మాట అందదు. అందుకని ఏడవలేదు. ఒక్కో మాట విడదీసి చెప్పాను. "అన్నా. ఆ చక్రం. నువ్వు అన్నానికి పోయినప్పుడు. నేను విప్పాను. నేను బిగించాను. దారం నేను కట్టాను. నీ తప్పు లేదు."

వెనక కనకయ్య కుర్చీ కిర్రుమంది.

మల్లేశం నా మూతి వైపు చూస్తూనే ఉన్నాడు, ఇంకా ఏమన్నా ఉందేమోనని. తర్వాత మెట్లు దిగి ఇంట్లోకి వెళ్ళాడు. వచ్చేటప్పుడు చేతిలో పాత పౌడరు డబ్బా ఉంది. అందులోంచి తుప్పు పట్టిన నట్టు తీశాడు, లోపల విరిగిన బోల్టు ముక్కతో సహా. నట్టు చుట్టూ రంగు పోయిన దారం.

"చక్రంల ఇరికి ఉండె. గా పొద్దే తీస్కున్న" అన్నాడు, మేడంతా వినపడేలా. "నాకెరుక తమ్మీ. ఇది నా ముడి గాదు. నా ముడి గుంజితె బిగుస్తది. ఇదేమో పోరగాండ్లు లాగు నాడ కట్టుకున్నట్టున్నది."

"తెలిసి ఎందుకు చెప్పలేదన్నా?" నా పెదవులు అతనికి అందాయి.

"నువ్వు దవాఖానల సావుబతుకుల మీద ఉంటివి. గసువంటోని మీద మాట వెట్టాల్నా? లేసినంక నువ్వే చెప్తవనుకున్న. నెల జూసిన. ఏడాది జూసిన. మల్ల జూసుడు బంద్ వెట్టిన." దగ్గు వచ్చింది, మోచేతిలో దగ్గుకున్నాడు. "దారమున్నదని నేను చెయ్యి వెట్టి సూడలె. గంతమటుకు నా తప్పే."

అప్పుడు కనకయ్య లేచాడు. కాలు ఈడ్చుకుంటూ బావ ముందుకు వెళ్ళి తువ్వాల విప్పాడు, మాస్కు కిందికి లాగాడు. భార్య పోయినప్పటినుంచి పరాయి మనిషి ముందు అతను ముఖం తెరవలేదని లావణ్య తర్వాత చెప్పింది. ఆమె 'మామా' అని సగం లేచి ఆగిపోయింది.

"బావా! ముప్పైఐదేండ్లు వచ్చినప్పుడల్ల నీ ఇంట్ల బువ్వ తింటి. నా కాలు తీసినవన్న కోపంతోనే తింటి. పైకనలేదు గని, ప్రతి ముద్దకు లోపట అనుకున్న. ఒక్కపారి చెప్పకపోతివి!"

"చెప్తె నమ్ముతుంటివా?" అన్నాడు మల్లేశం.

కనకయ్య చేత్తో కళ్ళు తుడుచుకుని మాస్కు పైకి లాక్కున్నాడు. నా వైపు తిరిగాడు. "పైలట్ సాబ్, మాకు చెప్తె ఒడువదు, గిక్కడ్నే అయిపోదు. గుంపుల అందరు బావ పేరే చెప్పుకుంటున్నరు. నువ్వు గూడ బొటనేలు వెడ్తివి. అందరికి చెప్పు." బార్డోలీ బస్సుకు టైమైందని మెట్లు దిగిపోయాడు. నాకు నమస్కారం పెట్టలేదు. పెట్టమనడానికి నాకేం మొహం ఉంది?

లావణ్య చీర మడత పెట్టింది. "కాకా, ట్రైన్ కా టైమ్ అయితున్నది" అంది. నిన్నటి 'ఆవో ఆవో' ఆ గొంతులో లేదు.

హెల్మెట్ తీసి మాస్కు కోసం చూస్తే అది మల్లేశం చేతిలో ఉంది. తెగిన చెవితాడు రెండు కొసల మధ్య లావణ్య కండె నుంచి దారం కలిపి ముడి వేస్తున్నాడు. నేను కొంగుతో మొహం దాచుకున్న కొత్తకోడలిలా చేతిరుమాలు అడ్డం పెట్టుకుని నిలబడ్డాను. వేళ్ళు రెండుసార్లు మెలికపడ్డాయి, అంతే, ముడి బియ్యపు గింజంత. గుంజి చూసి ఇచ్చాడు. "ఇగ ఊడదు, పో."

రైలు రెండూ పదికి కదిలింది. ఈసారి ఎదుటి సీటు ఖాళీ. అయినా భయం సీటు వదల్లేదు. కొత్తది ఇంకోటి వచ్చి పక్కన కూర్చుంది. గుంపులో అందరూ చదువుతారు. నన్ను 'పైలట్ సాబ్' అని పిలిచే మనుషులు ఇక ఏమని పిలుస్తారో. వల్సాడ్ దాటేదాకా ఫోన్ చేతిలో పట్టుకుని రాస్తాను, చెరుపుతాను. రాసేదేదీ మల్లేశానికి పనికిరాదని అప్పుడు తట్టింది.

వాపి వస్తుందనగా తలుపు దగ్గరికి వెళ్ళాను. గాలి బాగా కొడుతోంది. ఇటూ అటూ ఎవరూ లేరని చూసి మాస్కు దించాను. ఫోన్‌ను మొహానికి ఎదురుగా పెట్టి, మేడ మీద చెప్పిన మాటలే, అలాగే ఒక్కో మాట విడదీసి చెప్పాను. చక్రం నేను విప్పాను. నేను బిగించాను. దారం నేను కట్టాను. మల్లేశం చెయ్యి ఏనాడూ జారలేదు. చివర్లో గాలికి దగ్గు వచ్చింది, దాన్ని కూడా అలాగే ఉంచి గుంపులో పెట్టేశాను.

సీటుకు వచ్చి కూర్చున్నాను. ఒకరు చూశారు, ఇద్దరు చూశారు, తొమ్మిదిమంది చూశారు. వసాయ్ వచ్చింది, కల్యాణ్ వచ్చింది. ఒకరు గుంపులోంచి వెళ్ళిపోయినట్టు చూపించింది. కనకయ్య చూశాడు, జవాబు ఇవ్వలేదు. నా దగ్గు నిజం దగ్గేనా అని గొంతు తడుముకుంటూ కూర్చున్నాను. ఇంటికి వెళ్ళాక రెండు వారాలు ముందుగదిలో వేరుగా ఉండాలని, ఈ వీడియో ముందు సుజాతకు చూపించాలని అనుకున్నాను. రెండోదే ఎక్కువ కష్టం.

సూరత్ ఎలా ఉంది అని అడిగేవాళ్ళకు నేను చెప్పగలిగింది తక్కువ. ఒక ప్లాట్‌ఫారం, ఒక మేడ, ఊరంతా సాంచెల చప్పుడు. భయంతో వెళ్ళాను, భయంతోనే తిరిగొస్తున్నాను. పాతది దిగి, కొత్తది ఎక్కింది.

పుణె దగ్గర పడుతుండగా ఫోన్ కదిలింది. గుంపులో కాదు, లావణ్య నాకు విడిగా పంపింది.

"నాన్న చూసిండు కాకా. ఫోన్ ఇస్తలేడు. మళ్ళీ మళ్ళీ పెట్టుమంటుండు."

మాస్కు ముక్కు మీదికి లాక్కున్నాను. చెవి దగ్గర వేలికి ముడి తగిలింది. గుంజి చూశాను. బిగుసుకుంది.